సంక్రాంతికి ఒక పంచె ఎక్కువ

మా అత్తవారింట్లో సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెడతారు. శ్రీకాకుళం వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. గోడకు పసుపు రాసి బొట్లు పెట్టి, ముందు పీట వేసి, పోయినవాళ్లకు తలా ఒక కొత్త బట్ట పెట్టి, ఆకుల్లో గారెలూ అరిసెలూ వడ్డించి సాంబ్రాణి వేస్తారు. కాపరానికి వచ్చిన రెండో ఏడు నుంచీ ఆ బట్టలు కొనేది నేనే కనుక లెక్క నాకు కంఠతా వచ్చు. మావగారికి పంచె, వాళ్ల నాన్నకు పంచె, అమ్మకు చీర, చిన్నప్పుడే పోయిన ఆడపడుచుకు గౌను గుడ్డ. ఇవి కాక ఇంకో పంచె.

అది ఎవరికని ముప్పై ఆరేళ్లు అడగలేదు. తపాలా శాఖలో ఉద్యోగం, పిల్లలు, పండగ నాడు పొయ్యి దగ్గరి చాకిరీ. రిటైరైన ఏడాది అడిగాను.

“రంగం బాబుకి” అన్నారు అత్తగారు.

“ఆయనెవరు అత్తమ్మా?”

“మా మావకి తమ్ముడు. రంగం ఎల్లిపోనాడు. అంతకన్నా నాకేటి తెలుస్తాది? మా అత్త ఎట్టేది, నానూ ఎడతన్నాను.”

మా వైపు పెద్దవాళ్ల నోట రంగూన్ ఎప్పుడూ రంగమే. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో పడవెక్కి, లోతు నీటిలో ఆగిన స్టీమరు దాకా వెళ్లి, డెక్కు మీద చాప పరుచుకుని బంగాళాఖాతం దాటిన మనుషులు మా జిల్లాలో ఊరూరా ఉన్నారు. బియ్యం మిల్లులు, రేవు, కలప అడితీలు, రిక్షాలు, ఎక్కడ చూసినా తెలుగువాళ్లే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నంలో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో రెండు లక్షల పైచిలుకు మన దేశం వాళ్లు. బర్మావాళ్లు మనల్ని కోరంగీలు అనేవారట, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద. ఆ మాటలో గౌరవం లేదు.

రంగం బాబు గురించి ఇంట్లో రెండు కథలున్నాయి. యుద్ధంలో నడిచి వస్తూ దారిలో పోయాడని ఒకటి. అక్కడే ఒక బర్మా ఆవిడను చేసుకుని ఉండిపోయాడని ఇంకోటి. మొదటిది ఆడవాళ్లు చెప్పేది, రెండోది మగవాళ్లు నవ్వుతూ చెప్పేది. ఫోటో లేదు. పేరు తెలుసు కానీ ఇక్కడ రాయను, ఇంట్లో కొందరికి ఇష్టం లేదు.

ఆయన నాకు పెళ్లితో వచ్చిన చుట్టం. ఒకందుకు అదే మేలైంది. ఇంటి పిల్లలు అడిగితే “ఇప్పుడెందుకురా అవన్నీ” అనేవాళ్లు, కోడలు అడిగితే “పాపం దానికేం తెలుసు” అని చెప్పేస్తారు.

మొదటి ఏడాది మొత్తం నేనే పాడుచేసుకున్నాను. మా ఇంటిపేరూ ఆయన పేరూ కలిపి ఇంటర్నెట్‌లో వంశవృక్షాల సైట్లన్నీ వెతికాను. జాతీయ అభిలేఖాగారం వాళ్ల అభిలేఖ్ పటల్ సైట్‌లో బర్మా నుంచి తరలి వచ్చినవాళ్ల మీద ఫైళ్లు బోలెడు కనిపించాయి. వాటిలో ఖర్చులున్నాయి, రైలు టికెట్ల గొడవలున్నాయి, నేను చూసినంతలో మామూలు మనిషి పేరు ఒక్కటి లేదు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక పాత సంచికల్లో 1942 మొదటి నెలలు పేజీ పేజీ తిప్పాను. అవి ఉత్త బొమ్మలు, పదం కొట్టి వెతకడానికి కుదరదు. కళ్లజోడు నంబరు మారింది తప్ప ఏమీ దొరకలేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి తెలిసింది. మన జిల్లాల నుంచే ఫిజీకీ, దక్షిణాఫ్రికా నేటాల్‌కూ కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లున్నారు. నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరుంది. తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ సహా రాసి పెట్టారు, ఎందుకంటే పారిపోతే పట్టుకోవాలి. రంగం వెళ్లినవాళ్లకు అవేమీ లేవు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రమే కనుక, అక్కడికి వెళ్లడం విశాఖ నుంచి మద్రాసు వెళ్లడం లాంటిదే. టికెట్టు కొన్నాడు, ఎక్కాడు, అంతే. బానిసలాగా వెళ్లినవాడి పుట్టుమచ్చ కూడా మిగిలింది, ఇష్టపడి వెళ్లినవాడి పేరు కూడా మిగల్లేదు.

కాగితాలు వదిలి మనుషుల దగ్గరికి వెళ్లాను. ముసలివాళ్లను “ఏ సంవత్సరం?” అని అడగకూడదు. అడిగితే మీ మొహం చూసి ఏదో ఒకటి చెప్తారు. విశాఖ మీద బాంబు పడ్డప్పటికి మీ అక్కకు పెళ్లయిందా, మీ ఇంటికి టైలు వేసినప్పుడు తాత ఉన్నాడా, అని అడగాలి. బాంబు పడింది 1942 ఏప్రిల్ 6న, దాని ముందూ వెనకా మనం తేల్చుకోవచ్చు. ఇంకో ప్రశ్న కూడా బాగా పనిచేసింది: “మీ ఇంట్లో పాత చదివింపుల పుస్తకం ఉందా?”

పెళ్లి చదివింపుల పుస్తకం లాంటి వంశవృక్షం ఇంకోటి లేదని ఇప్పుడు నా నమ్మకం. ఎవరు, ఏ ఊరు, ఏమవుతారు, ఎంత ఇచ్చారు, అన్నీ వరసగా రాస్తారు. అబద్ధం రాయడానికి లేదు, ఎందుకంటే రేపు వాళ్లింట్లో పెళ్లికి తిరిగి చదివించాలి. మా ఆయన నాన్నమ్మ పెట్టెలో కాదు, మేనత్త కూతురి ఇంట్లో అటక మీద దొరికింది. మా ఆయన తాతగారి చెల్లెలి పెళ్లి. అంచులకు పసుపు మరకలు, మొదటి పేజీలో “ధాత నామ సంవత్సర వైశాఖ బహుళ” అని ఉంది. ధాత అనగానే కరువు గుర్తొచ్చింది కానీ, ధాత కరువు 1876 నాటిది. అరవై ఏళ్లకు మళ్లీ తిరిగొచ్చిన ధాత ఇది, అంటే 1936 మే నెల. అందరూ పావలా, అర్ధ, రూపాయి చదివించిన పేజీలో ఒక చోట “పెండ్లికూతురు చిన్నన్న, రంగూను నుండి, రు. 10” అని రాసుంది. పేరు ఆయనదే. దాని ముందున్న ఇంటిపేరు మాది కాదు.

రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే అత్తగారిని అడిగితే, కూర తరుగుతూ తల ఎత్తకుండా అన్నారు, “అవునే, దత్తుకెల్లాడు కదా.”

“మరి ఏడాది నుంచీ చెప్పలేదేం?”

“నువ్వడగనేదు.”

పిల్లల్లేని పెద్దమ్మకూ పెదనాన్నకూ ఆయన్ను ఆరేళ్లప్పుడు దత్తు ఇచ్చేశారు. ఇంటిపేరు మారింది. నేను ఏడాదిగా వెతుకుతున్న పేరుతో మనిషే లేడు.

కొత్త ఇంటిపేరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీలు, అంటే ఆస్తి చేతులు మారిన వివరాల పత్రాలు, 1983 నుంచే. అంతకు ముందువి చేతిరాత పుస్తకాలు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి ఇండెక్సులు ఫీజు కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. దత్తత కాగితం ఉంటే నాలుగో పుస్తకంలో ఉంటుంది, అది పార్టీలకూ వాళ్ల వారసులకూ తప్ప ఇవ్వరు. ఈ తేడా నాకు చెప్పింది ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి. లోపలివాళ్లు మొదటిసారి పుస్తకాలు చెదలు తిన్నాయన్నారు, రెండోసారి తాళం ఉన్నాయన సెలవన్నారు. మూడోసారి ఒక చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, గుడ్డ మూట విప్పి ముందు పెట్టింది. చెదలు ఒక మూలే తిన్నాయి.

అయినా దొరకలేదు. నేను విశాఖపట్నం జిల్లా అని రాసి ఇచ్చిన దరఖాస్తు చూసి లేఖరి నవ్వాడు. “అమ్మా, 1936కి ముందు చికాకోలు తాలూకా గంజాం జిల్లాలో ఉండేది కదా. ఒరిస్సా విడిపోయాకే ఇటొచ్చింది.” చికాకోలు అంటే మన శ్రీకాకుళమే. శ్రీకాకుళం జిల్లా అయితే 1950 దాకా లేనే లేదు. ముప్పై రెండేళ్లు చిరునామాలతో బతికినదాన్ని, ఈ మాట నాకు తట్టకపోవడం సిగ్గనిపించింది.

గంజాం అని మార్చి అడిగితే 1929 నాటి క్రయ దస్తావేజు ఒకటి బయటపడింది. కొన్నది మా ఆయన తాతగారు, అంటే పెద్దన్న. అమ్మినాయన రాసి ఇచ్చిన మాటలివి: రంగూనులో ఉన్న మీ తమ్ముడు మనియార్డర్ల మీద పంపిన సొమ్ములో రూపాయలు మూడు వందల నలభై నాకు ముట్టినవి. తమ్ముడని రాసి, పక్కనే దత్తింటి ఇంటిపేరు. చెక్కుబందీ చదువుతుంటే ఒళ్లు జలదరించింది. తూర్పున కాలవ, ఉత్తరాన చెరువు గట్టు. ఇప్పటికీ మేము ఏటా బియ్యం తెచ్చుకునే మడి. దాన్ని ఊళ్లో అందరూ రంగం మడి అనే అంటారు. ఎప్పుడో రంగమ్మ అనే ఆవిడ దగ్గర కొన్నారేమో అనుకుని తిరిగాను ఇన్నాళ్లూ.

ఈ సంగతి ఇంట్లో చెప్పిన మర్నాడే వరసకు బావగారయ్యే ఒకాయన ఫోను చేశారు. ఎవరి తరఫున తిరుగుతున్నానని, లాయరెవరని అడిగారు. తొంభై ఏళ్ల నాటి మడికి ఎవరూ వాటాకు రారని ఎంత చెప్పినా నమ్మలేదు. పండక్కి కూడా ముభావంగానే ఉన్నారు. ఇలాంటి పనిలో దిగేవాళ్లకు నేను ముందే చెప్తాను: పూర్వీకుల కోసం వెతుకుతున్నానంటే మన ఊళ్లో ఎవరికీ అర్థం కాదు, భూమి కోసమనే అర్థమవుతుంది.

దస్తావేజు చివర ఇద్దరు సాక్షులు. ఒకాయనది నదికి అవతల ఊరు. కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఆ ఊళ్లో చుట్టాలు లేరు. మరి సాక్షి సంతకానికి అంత దూరం నుంచి ఎందుకొచ్చాడు? “పిల్లనిచ్చినోడేమో” అన్నారు అత్తగారు. అప్పటిదాకా రంగం బాబుకు ఇక్కడ పెళ్లయిందన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. “అయిందంట. ఆవిడ పుట్టింటికెల్లిపోనాది.” ఇదీ నేను అడగలేదు కనుక చెప్పలేదు.

ఆ ఊళ్లో ఆ ఇంటిపేరున్న ఇళ్లు మూడు. రెండో ఇంట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన మంచం మీద కూర్చుని విన్నారు. కొడుకు మాత్రం నిలబడే ఉన్నాడు. “భూమి గురించా?” అన్నాడు. నవ్వొచ్చింది, ఇటు వాళ్లకూ అదే భయం, అటు వాళ్లకూ అదే భయం. కాదని చెప్పి, నాకు ఆవిడ ఏమవుతుందో చెప్పాను. మా ఆయన చినతాత భార్య. పెద్దాయన చాలాసేపు ఊరుకుని, “మా మేనత్త” అన్నారు.

లోపలి నుంచి రేకు పెట్టె తెప్పించారు. అందులో మనియార్డరు కూపన్లు, రబ్బరు బ్యాండుతో కాదు, చీర అంచు ముక్కతో కట్టి. నా ఉద్యోగం అక్కరకొచ్చింది. అరిగిపోయిన ముద్రలు చదవడం నాకు అలవాటు. వాళ్ల అరుగు మీదే కూర్చుని తేదీల వారీగా పేర్చాను. నెలకు పది, ఒక్కోసారి పదిహేను. 1930 ఎండాకాలం నుంచి నాలుగు నెలలు ఒక్కటీ లేదు. ఆ ఏడు మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు, వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టారు, సమ్మె తీరాక ఆ బర్మావాళ్లను పొమ్మన్నారు, మే 26న మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. ఆ నాలుగు నెలల ఖాళీకి కారణం అదేనని నేను ప్రమాణం చేయలేను. అయిదో నెల కూపను మీద మాత్రం, “దేవుని దయవలన” అన్న మాట మొదటిసారి కనిపించింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయన దేవుణ్ణి తేలేదు.

అడుగున ఒక కార్డు. రాజు బొమ్మతో బర్మా బిళ్ల, 1942 జనవరి ముద్ర. “మిల్లు మూసినారు. పోజెండాం ఖాళీ అయినది. మేము పదునొకండు మందిమి ప్రోము రోడ్డున బయలుదేరుచున్నాము. దిగులు పడవలదు.”

పోజెండాం ఏమిటో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. మనిషి పేరనుకున్నాను. కార్డు ఫోటో తీసుకుని విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపుకు వెళ్లాను. 1962లో అక్కడ సైన్యం అధికారానికి వచ్చి, రెండేళ్లకు దుకాణాలన్నీ సర్కారువి చేశాక, కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చినవాళ్ల కుటుంబాలు అక్కడ ఉన్నాయి. బర్మా కాందిశీకులు అంటారు. రంగూన్‌లో పుట్టిన ఒకావిడ ఫోను దూరంగా పట్టుకుని కార్డు చదివి, “పజండాం వాగు. ఒడ్డంతా బియ్యం మిల్లులే. మా నాన్న అక్కడే పని” అంది, పక్క వీధి గురించి చెప్పినట్టు. బర్మా పెళ్లాం కథ గురించి కూడా అడిగాను. అలాంటివాళ్లు చాలామంది ఉన్నారని, అయితే వాళ్లు ఇక్కడికి నెల నెలా మనియార్డర్లు పంపడం తను ఎరగనని అంది. అదేమీ సాక్ష్యం కాదు. కానీ ఆ రోజు నుంచి ఆ కథ ఇంట్లో ఎవరైనా నవ్వుతూ మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతున్నాను.

ప్రోము రోడ్డు ఎటు పోతుందో మ్యాపులో చూశాను. రంగూన్ మీద బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. ప్రోము దాకా వెళ్లి, ఇరావతి దాటి, అరకాన్ కొండలెక్కి తౌంగుప్ దగ్గర సముద్రం చేరాలి. అక్కడి నుంచి పడవ దొరికితే అక్యాబ్, చిట్టగాంగ్. ఆ దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది బర్మా వదిలి వచ్చారు, కొండ దారుల్లో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఎవరూ పేర్లు రాసుకోలేదు. మార్చి 8 నాటికి రంగూన్ జపాన్ చేతిలో ఉంది. పదకొండు మందిలో ఒక్కరు తిరిగొచ్చినా కబురు తెచ్చేవారని పెద్దాయన అన్నారు. ఎవరూ రాలేదు.

నా వెతుకులాట ఆయన దగ్గర ఆగిపోయి, ఆవిడ వైపు తిరిగింది. దత్తింటి అత్తమామలు పోయాక ఒంటరిగా ఉండలేక అన్న దగ్గరికి వచ్చేసిందట. పిల్లల్లేరు. బొట్టు తీయలేదు, పసుపు మానలేదు, మట్టి గాజులు మానలేదు. కబురు రాందే ఎలా తీస్తానని అడిగేదట. దాంతో ఊళ్లోవాళ్లకు కొత్త చిక్కొచ్చింది: పేరంటానికి ఈవిడను పిలవాలా, వద్దా? పిలవకపోతే తప్పు, పిలిస్తే భయం. ఆవిడే తీర్చేసింది. ఏ ఇంట్లో శుభకార్యమైనా ముందే వెళ్లి వంటింట్లో కూర్చునేదట. పిండి రుబ్బుతున్న మనిషిని బొట్టు పెట్టి పిలవనక్కర్లేదు కదా. ముప్పై ఏడేళ్లు అలా.

ఆవిడ పోయిన తేదీ పెద్దాయనకు గుర్తులేదు, కార్తీకమాసం అని మాత్రం అన్నారు. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ తీసేశాక గ్రామాల జనన మరణ రిజిస్టర్లు రెవెన్యూ ఆఫీసు రికార్డు గదికి చేరాయి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి, రెండు నెలలకు ఒక పేజీ నకలు సంపాదించాను. 1979 నవంబరు. పేరు, వయసు, జబ్బు గడిలో “ముసలితనం”. అదే పేజీలో మరో ఇద్దరు ముసలమ్మల భర్తల పేర్ల ముందు కీ.శే. అని ఉంది. ఈవిడ భర్త పేరు ముందు లేదు. రాయించింది ఎవరని చూస్తే, అన్న కొడుకు. ఈ పెద్దాయనే. ఫోను చేసి అడిగాను. “మునసబు రాయబోయాడమ్మా. నేనే వద్దన్నాను” అన్నారు.

ఇవన్నీ పట్టుకుని అత్తగారి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఆవిడకు ఒకటి గుర్తొచ్చింది. ఏదో పెళ్లిలో ఒకసారి వంటింట్లో చూశారట, పెద్ద బొట్టున్న మనిషి, వరస చెప్పలేదు, వడ్డించి వెళ్లిపోయింది. నాకు అప్పుడు అనుమానం వచ్చింది.

“అత్తమ్మా, మీరు కాపరానికి వచ్చినప్పటికే ఆ పంచె పెట్టేవారా?”

“నేదు” అని ఆగారు. “నేదే. తరవాతెప్పుడో మొదలెట్టింది మా అత్త. పెద్దోడు ఇంటరు పరీక్షకి చదువుతున్న ఏడు. ఒక పంచె ఎక్కువ తెమ్మంటే మీ మావ కసురుకున్నాడు, ఎవలికని.”

మా ఆయన ఇంటర్మీడియట్ మార్కుల జాబితా బీరువాలోనే ఉంది. మార్చి 1980. అంటే ఆ పంచె మొదటిసారి పెట్టింది 1980 జనవరి సంక్రాంతికి, ఆవిడ పోయిన రెండు నెలలకు. మా రెండిళ్ల మధ్య రాకపోకలు లేవనుకున్నాను. ఆ కబురు మాత్రం నది దాటి వచ్చింది.

అత్తగారు కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశారు. “బొట్టెట్టుకున్న మనిషి తిరుగుతుండగా మొగుడికి బట్టెలాగెడతారే” అన్నారు.

ఈ సంక్రాంతికి పంచె పక్కన చీర కూడా ఉండాలన్నారు. ఆవిడకు ఏ రంగు ఇష్టమో కనుక్కోమన్నారు. పెద్దాయనకు ఫోను చేశాను. చాలాసేపు ఆలోచించి, “రంగు ఎరగనమ్మా. అంచు మాత్రం పెద్దదుండాలనేది” అన్నారు. పొందూరు వెళ్లి పెద్దంచు చీర ఒకటి తెచ్చాను.